బోన్ వైన్ వేలం: దిజోన్‌లో బస, ఫోనులో పాట

ముందే చెప్పేస్తాను. బోన్ వైన్ వేలం చూడాలని బయలుదేరి, చివరికి దాన్ని ఫోనులో చూసి వచ్చాం. అయినా పెట్టిన ఖర్చు దండగ అనిపించలేదు.

ఫ్రాన్స్‌లోని బర్గండీలో, ద్రాక్షతోటల నడుమ ఉన్న చిన్న ఊరు బోన్. ఏటా నవంబరు మూడో ఆదివారం అక్కడి ధర్మాసుపత్రి తన తోటల్లో పండిన వైన్‌ను పీపాల లెక్కన వేలం వేస్తుంది. 1859లో మొదలైన ఆనవాయితీ ఇది. పారిస్‌లో ఉంటున్న నేను, నన్ను చూడటానికి వచ్చిన మా పెద్దక్క కలిసి వెళ్లాం. అక్క జిల్లా ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. వైన్ వాసన కూడా పడదు.

ఆ వారాంతంలో బోన్‌లో గది దొరకడం గగనం. ఒక హోటలు వాళ్లు మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వమన్నారు, అదీ మామూలు రేటుకు రెండింతలు. అందుకే దగ్గర్లోని దిజోన్ నగరంలో, స్టేషను పక్కన దిగాం. పారిస్ నుంచి దిజోన్‌కు టీజీవీ అనే వేగవంతమైన రైల్లో గంటన్నర పైచిలుకు, అక్కడి నుంచి బోన్‌కు ప్రాంతీయ రైల్లో 20 నిమిషాలు. గది ఇరుకు, హీటరు రాత్రంతా గురక పెట్టింది. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. శనివారం బోన్‌లో హాఫ్ మారథాన్ కూడా ఉంటుంది కాబట్టి ఉదయం రైల్లో నిలబడే వెళ్లాం.

పాత ఆసుపత్రి ఓతెల్ ద్యూకు తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. గంట గడిస్తే కాలు పెట్టే చోటుండదు. బర్గండీ డ్యూకు కొలువులో ఛాన్సలర్‌గా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ 1443లో పేద రోగుల కోసం స్థాపించిన ఆసుపత్రి ఇది. వీధిలోంచి చూస్తే మామూలు పలకల కప్పే. ముంగిట్లోకి వచ్చి తల ఎత్తితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మెరుగు పెంకులు చాప అల్లినట్టు కనిపిస్తాయి.

అసలు చూడాల్సింది పేదల వార్డు. 50 మీటర్ల పొడవు, తిరగేసిన పడవలాంటి కప్పు. దూలాల రెండు కొసలనూ రంగులు వేసిన రాక్షస మకరాలు నోట కరుచుకుని ఉంటాయి. రెండు వైపులా ఎర్ర పరదాల మంచాలు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులను పడుకోబెట్టేవారని ఆడియో గైడు చెప్పగానే అక్క ఇయర్‌ఫోను తీసేసింది. "మా వార్డులోనూ చూశాం లేరా, ఈ పరదాలే లేవు" అంది. లేవలేని రోగులు మంచం మీద నుంచే ప్రార్థన వినేలా వార్డు చివరన చిన్న చర్చి ఉంది. రోజియర్ వాన్ డెర్ వేడెన్ గీసిన 'అంతిమ తీర్పు' చిత్రం మొదట అక్కడే ఉండేదట. ఇప్పుడు మసక గదిలో పెద్ద భూతద్దంతో సహా పెట్టారు. దేవదూత తక్కెడతో ఆత్మలను తూస్తుంటే పాపులు నరకంలోకి జారిపోతుంటారు. "జ్వరంతో ఉన్నవాడి ఎదుట ఇది పెడతారా?" అని అక్క గట్టిగానే అనేసింది. అదృష్టవశాత్తు అక్కడ తెలుగు తెలిసినవాళ్లు లేరు.

మన ఊళ్లలో గుడికి మాన్యం రాసినట్టు, ఇక్కడ దాతలు శతాబ్దాలుగా ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. అలా పోగైంది దాదాపు 60 హెక్టార్లు. పీపాల మీద ఇప్పటికీ ఆ దాతల పేర్లే.

వేలానికొచ్చే వైన్‌ను ముందుగా రుచి చూసేది ముఖ్యంగా వ్యాపారులు. సెప్టెంబరులో కోసిన పండు, ఇంకా పసి సరుకు. మాలాంటి వాళ్లకు ఊళ్లో వైన్ నిల్వచేసే నేలమాళిగలే దిక్కు. టిక్కెట్టు కొని ఒక దాంట్లోకి దిగాం. మొదటి రెండు గ్లాసులకు ఓపిగ్గా వివరించిన అమ్మాయి, వెనక జనం పెరిగేసరికి పేరు చెప్పి పోయడంతో సరిపెట్టింది. ఆ రద్దీలో రుచి చూడటం కన్నా వారం ముందో వెనకో వెళ్లడం మేలు. ఇంకో మాట, రుచి చూసిన వైన్‌ను ఉమ్మడం అమర్యాద అనుకోకండి. ఉమ్మితొట్టి అందుకే పెట్టారు. నేను మొహమాటంతో మింగి, నాలుగో గ్లాసుకే మెట్లు వెతుక్కున్నాను.

శాకాహారులకు తిండి కష్టమే. రిజర్వేషన్ లేదని రెండు చోట్ల వెనక్కి పంపారు. చివరికి చీజ్‌తో చేసే గుజేర్ అనే బూరెలే అక్కకు భోజనం.

ఆదివారం మధ్యాహ్నం ఓతెల్ ద్యూ ఎదుటి హాలులో వేలం పాట మొదలైంది. లోపల కుర్చీలు కొనేవాళ్లవి. మేము ఎదురుగా కేఫేలో కూర్చుని ప్రత్యక్ష ప్రసారం పెట్టుకున్నాం. ఒక్కో పీపాలో 228 లీటర్లు, అంటే సుమారు 300 సీసాలు. పీపా తర్వాత పీపా, అవే అంకెలు. అరగంటకే విసుగొస్తుంది. ఊపు వచ్చేది సేవాసంస్థల కోసం విడిగా పెట్టే పీపా దగ్గరే. 2022లో అది 8,10,000 యూరోలు పలికింది. "బాలాపూర్ లడ్డూ పాటలా ఉందే!" అని అక్క కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

లక్షలు పోసి కొన్నవాళ్లకు కూడా సరుకు వెంటనే చేతికి రాదు. స్థానిక వ్యాపారి నేలమాళిగలో ఏడాదికి పైగా పరువానికి వచ్చాకే సీసాల్లోకి ఎక్కుతుంది. అక్క మాత్రం వట్టి చేతులతో రాలేదు. 1840 నుంచి బోన్‌లో ఆవాలు రుబ్బుతున్న ఫాలో అనే సంస్థ వాళ్ల ఆవముద్ద మూడు సీసాలు కొంది. "ఘాటు బాగానే ఉంది, వెనిగర్ బదులు నూనె పోసి ఉండాల్సింది" అని తీర్పిచ్చింది. మీరూ కొంటే చెక్-ఇన్ సామానులో పెట్టండి, చేతిసంచిలో విమానం ఎక్కనివ్వరు.