అన్నం తగ్గించి మూడేళ్లు: బరువు తగ్గడానికి ఇది పనికొచ్చిందా?

మా ఇంట్లో నలుగురం. 2022కు ముందు 25 కిలోల బియ్యం సంచీ సరిగ్గా నెల రోజులకు ఖాళీ అయ్యేది. ఇప్పుడు అదే సంచీ 38 నుంచి 40 రోజుల దాకా వస్తోంది. మిగిలిన ముగ్గురి తిండిలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు కనుక, ఆ తేడా అంతా నా ఒక్కడి కంచంలోంచి తగ్గినదే. పిండి పదార్థాలు తగ్గిస్తే బరువు తగ్గుతామా అన్న ప్రశ్నకు నెల రోజుల అనుభవంతో జవాబు చెప్పేవారు చాలామంది ఉన్నారు. మూడేళ్లు దాటి, పోయిన బరువులో ఎంత తిరిగి వచ్చిందో కూడా తేలాక రాస్తున్న సమీక్ష ఇది.

మొదలుపెట్టిన నాటికి నా వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. తెనాలిలో రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 238, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 ఉన్నాయి, కడుపు స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. బరువు తగ్గమన్న డాక్టరు గారు ఎలా తగ్గాలో మాత్రం చెప్పలేదు. అందుకని వంటింటి తూకంతో వారం రోజులు నేను తినేది లెక్క వేసుకున్నాను. రెండు పూటల అన్నానికి పడే బియ్యం 250 గ్రాములు. బియ్యంలో నూటికి 78 గ్రాములు పిండి పదార్థమే కనుక, అన్నం ద్వారానే 195 గ్రాములు లోపలికి వెళ్తున్నాయన్నమాట. పొద్దున ఇడ్లీలు, మూడు సార్లు చక్కెర వేసిన టీ, సాయంత్రం బజ్జీలో బిస్కెట్లో కలిపితే రోజుకు మొత్తం 300 గ్రాములు దాటింది. నేనేదో అతిగా తింటున్నానని కాదు. మన దేశంలో సగటు మనిషి తినే కెలరీలలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నట్టు భారత వైద్య పరిశోధన మండలి మధుమేహంపై జరిపించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో తేలింది.

మొదటి రెండు నెలలు కఠినంగా ఉన్నాను. అన్నం, ఇడ్లీ, రొట్టె, పళ్లు అన్నీ మానేసి రోజుకు 50 గ్రాముల లోపు పిండి పదార్థాలతో గడిపాను. 2018 ప్రాంతంలో తెలుగు ఊళ్లన్నిటా వ్యాపించిన, పిండి పదార్థాలు మానేసి కొవ్వు ఎక్కువగా తినమనే వీరమాచినేని రామకృష్ణ గారి విధానమా అని చాలామంది అడిగారు. నేను పాటించింది అది కాదు, కనుక దాని మంచిచెడ్డలు చెప్పే అర్హత నాకు లేదు. నాది గుడ్లు, పనీరు, చికెన్, ఆకుకూరలతో ఇంట్లో కూర్చుకున్న పద్ధతి. తొలి పది రోజుల్లోనే మూడు కిలోలు తగ్గాయి. ఆ సంతోషంలో బంధువులందరికీ చెప్పుకున్నాను, చెప్పకుండా ఉండాల్సింది. కాలేయంలో, కండరాల్లో దాచి ఉండే చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు అందకపోతే ఆ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా వదిలేస్తాయి. ఆ మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీరే. అదే రోజుల్లో తల దిమ్ముగా ఉండటం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, మలబద్ధకం నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. మజ్జిగలో ఉప్పు కాస్త పెంచాక పిక్కల బాధ తగ్గింది గానీ, మిగిలినవి పూర్తిగా పోలేదు.

రెండు నెలల చివర బరువు 79.4 కిలోలు. ఫలితం బాగానే ఉన్నా ఆ జీవితం నాకు నచ్చలేదు. మా అమ్మ రోజూ మజ్జిగన్నం గిన్నె నా ముందు పెట్టి, తినలేదని వెనక్కి తీసుకెళ్లేది. అందుకే సడలించాను. మధ్యాహ్నం 50 గ్రాముల బియ్యంతో వండిన చిన్న గిన్నెడు అన్నం, దాంతో గట్టి పప్పు, రెండు కూరలు, పెరుగు. రాత్రి ఒక జొన్నరొట్టె, కూర, గుడ్డు. పొద్దున ఉప్మా లేని పెసరట్లు రెండు, అల్లం పచ్చడి. మన టిఫిన్లలో పెసరట్టుకు సాటి వచ్చేది లేదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను: 60 గ్రాముల పెసలతో వేసిన అట్లలో పిండి పదార్థం 28 గ్రాములే, పైగా 13 గ్రాములకు మించి మాంసకృత్తులు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి మాట ఉండదు, ఇడ్లీ తిన్న రోజు మాత్రం పదకొండుకే కడుపు అడుగుతుంది. పాలు, పప్పు, ఒక పండు కలిపి చూసుకుంటే రోజుకు 140, 150 గ్రాముల పిండి పదార్థాలు. మరో ఏడు నెలలకు బరువు 73.8 కిలోలకు వచ్చింది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే కష్టమైనది ఆకలి కాదు, ఉప్పు. మన కూరలు, పులుసులు, పచ్చళ్లు అన్నంలో కలుపుకోవడానికి పుట్టినవి. నాలుగు ముద్దల చప్పటి అన్నానికి సరిపోయేలా ఉప్పు, కారం, పులుపు, నూనె పడతాయి. అన్నం సగానికి తగ్గించి కూర రెండింతలు వేసుకుంటే ఆ ఉప్పూ నూనే రెండింతలవుతాయి. నెల రోజుల పాటు మధ్యాహ్నమంతా దాహంతో అల్లాడాక గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. అప్పటి నుంచి బీరకాయ, సొరకాయ, దొండకాయ, చిక్కుడు, తోటకూర వంటివి సగం ఉప్పుతో, ఒక చెంచా నూనెతో విడిగా వండుతున్నాం. ఇంట్లో మిగిలినవారు తమ కంచంలో ఉప్పు చల్లుకుంటారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి నాకు వారానికి ఒకటి రెండు సార్లే. నిజం చెప్పాలంటే అవి కంచంలోకి వస్తే అన్నం దానంతటదే పెరుగుతుంది. వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి ఎదురుగా ఉన్నప్పుడు గిన్నెతో ఆగగల మనిషిని నేనింకా చూడలేదు.

రెండో ఏడాది మధ్యలో నాలుగు నెలలు ముల్లు కదల్లేదు, పైగా కిలో పెరిగింది. కారణం వెతికితే పల్లీలు దొరికాయి. పిండి పదార్థం తక్కువ కదా అని సాయంత్రం ఆఫీసులో గుప్పెడు, ఇంటికొచ్చాక రెండు గుప్పెళ్లు తినేవాణ్ణి. గుప్పెడు అంటే 30 గ్రాములు, సుమారు 160 కెలరీలు. మూడు గుప్పెళ్లు 480. అది 135 గ్రాముల బియ్యంతో సమానం! తగ్గించిన అన్నంలో మూడింట రెండు వంతులు పల్లీల రూపంలో తిరిగి తినేస్తున్నానన్నమాట. ఎండుకొబ్బరి, జీడిపప్పు, నెయ్యి విషయంలోనూ ఇదే లెక్క. అన్నం తగ్గిస్తే చాలు, మిగతావి ఎంతైనా తినవచ్చని చెప్పేవారి మాట నా తూకం ఒప్పుకోలేదు.

ఇంకో పొరపాటు కూడా నేను చేసినదే. కొర్రలు, సామలు వండుకుంటే చాలనుకుని రెండు నెలలు బియ్యానికి బదులు అంతే కొలతలో కొర్రన్నం తిన్నాను. సిరిధాన్యాల్లో పీచు ఎక్కువ, నాకూ మలబద్ధకం తగ్గింది; కానీ వాటిలోనూ నూటికి 60 గ్రాములకు పైగా పిండి పదార్థమే, కెలరీలూ బియ్యానికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. బరువు ఒక్క అరకిలో కూడా తగ్గలేదు. పైన చెప్పిన సర్వే ఆధారంగా 2025లో వెలువడిన విశ్లేషణ కూడా, పిండి పదార్థాల మొత్తాన్ని తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమలో సిరిధాన్యాలో చేర్చినంత మాత్రాన మధుమేహ ప్రమాదం తగ్గడం కనిపించలేదనీ, అందులో కొంత భాగాన్ని పప్పుల నుంచీ పాల నుంచీ వచ్చే మాంసకృత్తులతో మార్చుకున్న చోట ప్రమాదం తక్కువగా కనిపించిందనీ చెప్పింది.

ఇది తప్ప దారి లేదా అంటే, ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందితో ఏడాది పాటు జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదది. అంతకుముందు 2003లో వచ్చిన మరో అమెరికా పరిశోధనలో పిండి పదార్థాలు తగ్గించినవారికి ఆరో నెలకు కనిపించిన ఆధిక్యం ఏడాదికల్లా చెరిగిపోయింది. మరి నాకెందుకు పనిచేసిందంటే, నా కంచంలో అవసరానికి మించి ఉన్నది అన్నమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా మొత్తం కెలరీల్లో 45 శాతం మించకూడదని ఉంది. నా సడలించిన పద్ధతి ఆ సలహాకు లోబడినదే తప్ప ఏ విప్లవమూ కాదు.

రక్తపరీక్షల విషయానికొస్తే, ఏడాది తర్వాత ట్రైగ్లిజరైడ్లు 141కి, హెచ్‌బీఏ1సీ 5.6కి దిగాయి. అయితే కఠినంగా ఉన్న రెండు నెలల చివర చెడు కొలెస్ట్రాల్ 118 నుంచి 146కు ఎగబాకింది; నెయ్యి, పనీరు తగ్గించాక 124కు వచ్చింది. అందువల్ల ఈ దారి పట్టేవారు మొదట్లోనూ మూడో నెలలోనూ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. మధుమేహానికి ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగానీ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మధుమేహానికే ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు వాడేవారికి కఠిన పద్ధతిలో కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. రక్తపోటు మాత్రల మోతాదూ మార్చాల్సి రావచ్చు. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సొంతంగా ప్రయత్నించకూడదు.

ఖర్చు పెరుగుతుంది. నెలకు ఆరు కిలోల బియ్యం మిగిలినా, గుడ్లకు, కూరగాయలకు, పప్పులకు అంతకు నాలుగైదు రెట్లు అదనంగా అవుతోంది. ఊరు ప్రయాణం కడితే ఇంకా కష్టం. హోటల్లో ఏ టిఫిన్ చూసినా బియ్యప్పిండో గోధుమ రవ్వో మైదానో, ఆమ్లెట్ ఒక్కటే దిక్కు. పెళ్లిళ్లలో నేను లెక్క పెట్టుకోను. సంక్రాంతి నాలుగు రోజుల్లో అరిసెలతో, పులిహోరతో రెండు కిలోలు పెరిగి, పది రోజుల్లో ఆ రెండూ పోవడం మూడేళ్లుగా చూస్తున్నాను. అందులోనూ ఎక్కువ భాగం నీరేనని తెలిశాక కంగారు పడటం మానేశాను.

ఈ రోజు పొద్దున ముల్లు 76 దగ్గర ఆగింది. తగ్గిన పన్నెండింటిలో రెండు కిలోలకు పైగా తిరిగి వచ్చాయి, పది మిగిలాయి. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే ఆ కఠినమైన రెండు నెలలను వదిలేసి, పెసరట్టుతో, గిన్నెడు అన్నంతో నేరుగా మొదలుపెడతాను. పల్లీల డబ్బాను ఆఫీసు సొరుగులో మాత్రం పెట్టను. మా అమ్మ ఇప్పుడు మజ్జిగన్నం గిన్నెకు బదులు పెద్ద గ్లాసు మజ్జిగ ఇస్తోంది, అడుగున రెండు చెంచాల మెతుకులు వేసి.