డాబాగార్డెన్స్‌లో గోడే వారి జాడ వెతుక్కుంటూ

నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. విశాఖ వెళ్దామంటే ఆయన బీచ్ మాట ఎత్తలేదు. "డాబాగార్డెన్స్‌లోనే దిగుదాం రా, గోడే జగ్గారావు గారు నక్షత్రాలు చూసిన చోటు అది" అన్నారు. రాజమండ్రిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మధ్యాహ్నం దాటాక చేరాం.

డాబాగార్డెన్స్‌లో లాడ్జి రూము రోజుకు 1,400. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు గానీ పొద్దున రెండు గంటలే వచ్చాయి. లిఫ్టు పనిచేయక, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు మూడో అంతస్తు వరకు ఆగి ఆగి ఎక్కాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఫోన్ చేసి కింది అంతస్తులో రూము అడగండి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే కావడంతో సిటీ బస్సులకు మాత్రం ఇబ్బంది లేదు.

గోడే వెంకట జగ్గారావు గారు 1817లో పుట్టిన జమీందారు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ అనే దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో ఇక్కడ సొంత డబ్బుతో వేధశాల, అంటే నక్షత్రాలను, గ్రహాలను గమనించే కేంద్రం, కట్టించారు. ఆస్తి ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు. ఆ ఆస్తిని ఆకాశం చూడటానికి ఖర్చుపెట్టిన ఈయనంటే నాకు చాలా గౌరవం. 1856లో పోయారు. తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం వదిలి ఆ పని అందుకున్నారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి, లెక్కలు లండన్‌కు పంపారు. ఏళ్ల తరబడి వాతావరణం వివరాలు కూడా రాయించారు.

ఇప్పుడు ఆ వీధుల్లో షాపులు, అపార్ట్‌మెంట్లే. ముగ్గురు నలుగురు పెద్దవాళ్లను అడిగినా వేధశాల ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఊరికి ఇంత చేసిన కుటుంబానికి అక్కడ ఒక చిన్న బోర్డు కూడా మాకు కనిపించలేదు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ బాధ తీరింది మిసెస్ ఏవీఎన్ కాలేజీ దగ్గర. ఏవీఎన్ అంటే ఆ అల్లుడు గారే. 1860లో బడిగా మొదలైన సంస్థకు, 1892లో ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మ గారు ఇచ్చిన విరాళం వల్ల ఆ పేరు వచ్చింది. పేరు ముందున్న 'మిసెస్' ఆవిడే. అదేదో వింత పేరని చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి. భర్త పేరు నిలబెట్టిన మనిషి అందులో ఉందని తెలిశాక ఆ అక్షరాలు చూసే తీరు మారిపోయింది. సి.వి. రామన్ తండ్రి ఇక్కడే పాఠాలు చెప్పారు, రామన్ కూడా ఇక్కడే చదివారు. శ్రీశ్రీ ఇక్కడ డిమాన్‌స్ట్రేటరుగా, అంటే ల్యాబులో ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగంలో, పనిచేశారు. వాచ్‌మన్‌ను అడిగితే మర్యాదగా లోపలికి పంపాడు. సెలవురోజున కాక, క్లాసులు అయ్యాక వెళ్లడం మంచిది.

బీచ్ రోడ్డులో మ్యూజియం ఉన్న పాత డచ్ బంగళా గంటలో చూసేశాం. భవనం బాగుంది, మా వెతుకులాటకు మాత్రం పెద్దగా ఉపయోగపడలేదు.

సాయంత్రం డాల్ఫిన్స్ నోస్. జగ్గారావు గారు ఈ కొండ మీద జెండా స్తంభం పెట్టించారు. రోజూ సరిగ్గా 9 గంటలకు జెండా దించితే, ఓడలవాళ్లూ ఊరివాళ్లూ గడియారాలు సరిచేసుకునేవారు. ఇప్పుడక్కడ లైట్‌హౌస్ ఉంది. పైనుంచి హార్బర్ కాలువ, అవతల రాస్ హిల్ మీది చర్చి, ఊరంతా కనిపిస్తాయి. "ఇంత ఊరికీ టైమ్ చెప్పాడు రా ఒక్క మనిషి" అన్నారు నాన్నగారు, కిందికే చూస్తూ.

లైట్‌హౌస్‌లోకి సాయంత్రం కొద్దిసేపే వదులుతారు. అటువైపు నేవీ వాళ్ల ఏరియా కాబట్టి ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, కొండ మీద తిరుగు బండి దొరకదు.