పదకొండో బిళ్ల: లాస్ట్ లెగసీ మూడుసార్లు ఆడాక

'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' అనే నిధుల వేట వీడియో గేమ్ 2017లో వచ్చింది. బొమ్మలు ఎంత బాగుంటాయో, కొండలు ఎలా ఎక్కాలో, తుపాకులు ఎలా ఉన్నాయో ఈపాటికి చాలామంది చెప్పేశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది నాలుగో అధ్యాయం గురించి, అందులోనూ ఒక కాగితం మ్యాపు, ఒక కెంపు కంకణం గురించి. ఆ రెండింటి కోసమే ఈ ఆటను ఇన్నేళ్లలో మూడుసార్లు మొదటి నుంచీ ఆడాను. నిధుల వేట ఆటలు ఇంకా చాలానే ఆడాను గానీ, నిజంగా వెతుకుతున్నానన్న భావన ఇంత గట్టిగా కలిగింది దీంట్లోనే.

ఆ అధ్యాయం పేరే 'ది వెస్టర్న్ ఘాట్స్'. అంతవరకు ఆట మన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఇక్కడ దూకు, ఇక్కడ దాక్కో, వీళ్లను కాల్చు, ఇలాగే సాగుతుంది. నాలుగో అధ్యాయంలో మనం నడిపించే నిధుల వేటగత్తె క్లోయీ, ఆమెకు తోడుగా వచ్చే నదీన్ జీపులో ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా పడమటి కనుమలు. ఎర్రమట్టి, నీటి గుంటలు, జలపాతాలు, మధ్యలో ఒక ఎత్తైన బురుజు. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. తెర మూలన దారి చూపించే గుండ్రటి పటం ఉండదు, రోడ్డు మీద బాణం గుర్తులు ఉండవు. ఆ బురుజు ఎక్కి చుట్టూ చూస్తే దూరంగా మూడు కోటలు, ఒకదానికి త్రిశూలం, ఒకదానికి గొడ్డలి, ఒకదానికి విల్లు గుర్తు. క్లోయీ వాటిని తన మ్యాపులో పెన్నుతో గుర్తు పెట్టుకుంటుంది.

ఆ మ్యాపు తీయడమే నాకు భలే ఇష్టం. కంట్రోలర్ మధ్యలో ఉన్న టచ్‌ప్యాడ్ నొక్కితే ఆమె రెండు చేతుల మధ్య మడతలు పడిన కాగితం తెరుచుకుంటుంది. అది ఆటవాళ్లు మనకిచ్చిన పటంలా ఉండదు, ఆమె రాసుకున్న కాగితంలా ఉంటుంది. ఒక చోటు చూసొచ్చాక మ్యాపు మళ్లీ తీస్తే అక్కడ కొత్త గీత కనిపిస్తుంది. చిన్న విషయమే. కానీ ఒక గంట ఆడాక ఆ కాగితం చూస్తే, ఆ గంటలో నేను తిరిగిన తిరుగుడంతా అందులో ఉంటుంది. ఆట మూసేసే ముందు ఒకసారి మ్యాపు తీసి చూసుకుని పడుకోవడం నాకు అలవాటైపోయింది.

మొదటిసారి ఆడినప్పుడు మా అక్క కొడుకు సెలవులకు మా ఇంట్లో ఉన్నాడు. కాల్పులు వచ్చే చోట వాణ్ణి పక్కన కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. నాలుగో అధ్యాయంలో మాత్రం జీపు నడిపే భాగం వాడికోసమే అన్నట్టు ఉండేది. నేను నడుపుతుంటే వాడు మ్యాపు చూసేవాడు. "మావయ్యా, ఎడమకు తిప్పు, ఆ జలపాతం వెనకాల ఏదో గుర్తుంది" అని వాడు అనడం, నేను బురదలో జీపు జారుతుంటే వెనక్కి తీసుకుని మళ్లీ వెళ్లడం. పక్క సీట్లో నదీన్ కూడా దాదాపు అదే పని చేస్తుంటుంది కాబట్టి, ఆ జీపులో మేం నలుగురం ఉన్నట్టే ఉండేది.

ఇక బిళ్లల సంగతి. అసలు కథకు కావలసింది మూడు కోటలే. వాటితో పాటు ఆ లోయ అంతా ఒకప్పుడు కర్ణాటక ప్రాంతాన్ని ఏలిన హొయ్సళ రాజుల కాలం నాటి బిళ్లలు 11 ఉంటాయి. అవి ఏరకపోయినా కథ నడిచిపోతుంది. అన్నీ ఏరితే 'క్వీన్స్ రూబీ' అనే కెంపు కంకణం దొరుకుతుంది. బిళ్ల ఏ చోట ఉందో తెలిసినా, దాన్ని అందుకోవడం వేరే సంగతి. ఒకచోట తాడుతో ఊగాలి, ఒకచోట నీళ్లలో దిగాలి, ఒకచోట ఎక్కే దారి కోసం శిథిలం చుట్టూ మూడుసార్లు తిరగాలి. ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి అందదు.

మొదటిసారి నేను 10 ఏరాను. పదకొండో దాని దగ్గరికి వెళ్లాను కూడా. రాత్రి చాలా పొద్దుపోయింది, పైకి ఎక్కే దారి దొరకలేదు, సరే ముందు మూడో కోట పూర్తి చేసి రేపు తీరిగ్గా వచ్చి చూద్దాం అనుకున్నాను. మర్నాడు కోట పూర్తయింది, పెద్ద దారి తెరుచుకుంది, అందులోకి నడిచాను. అంతే. లోయ వెనకబడిపోయింది. ఇప్పుడొస్తుంది వెనక్కి దారి, ఇప్పుడొస్తుంది అనుకుంటూ ఇంకో అధ్యాయం దాకా ఆడాను. రాలేదు. మ్యాపు చూస్తూ కూర్చున్న పిల్లాడి ముఖం చూడాలి. వాడేమీ అనలేదు. "10 దొరికాయిగా మావయ్యా" అన్నాడు. ఆ మాటకే నాకు ఇంకా బాధేసింది, ఎందుకంటే రేపు చూద్దాం అన్నది నేను. సెలవులు అయిపోయి వాడు వెళ్లిపోయాడు, కథ చివరిదాకా నేనొక్కణ్ణే ఆడాను. ఆఖర్లో వచ్చే రైలు సన్నివేశాన్ని అందరూ మెచ్చుకుంటారు, నిజంగానే బాగుంటుంది, కానీ అప్పుడు కూడా నా ధ్యాస ఆ శిథిలం మీదే.

రెండోసారి కొన్ని నెలల తర్వాత. ఈసారి కోటల జోలికే పోలేదు. బురుజు దిగగానే బిళ్లల మీదే పడ్డాను. రాత్రికి ఒక గంట, అంతకు మించి కుదిరేది కాదు. నాలుగు రాత్రులు పట్టింది. పదకొండోది దొరికిన తీరు చెప్పాలి. అదే శిథిలం, అదే గోడ. క్రితంసారి నేను గోడ కింద నిలబడి పైకి చూస్తూనే ఉన్నాను, ఎక్కడ పట్టు దొరుకుతుందా అని. ఈసారి ఏమీ తోచక జీపు దగ్గరికి వెనక్కి నడుస్తూ ఒకసారి తిరిగి చూశాను. దూరం నుంచి చూస్తే తెలిసింది, దారి ఆ గోడ మీద లేదు, పక్కనున్న బండరాయి మీద ఉంది. అక్కడి నుంచి తాడు విసిరితే పైకి చేరచ్చు. దగ్గరగా నిలబడి అరగంట చూసినా కనిపించనిది పది అడుగులు వెనక్కి వేస్తే కనిపించింది. అప్పుడే మా వాడికి ఫోన్ చేశాను, వాడు నిద్రపోయాడని అక్క చెప్పింది, పొద్దున్నే వాడే చేసి "దొరికిందా!" అన్నాడు.

కంకణం దొరికాకే అసలు ఆశ్చర్యం. ఇన్ని ఆటల అనుభవంతో నేను అనుకున్నదేమిటంటే, బహుమతి అంటే బలం పెరగడమో, కొత్త తుపాకీయో, లేదంటే షోకేసులో పెట్టుకునే వస్తువో. ఈ కంకణం చేసే పని ఒక్కటే. దగ్గర్లో ఎక్కడైనా దాచిన నిధి ఉంటే కెంపు మెరుస్తుంది, సన్నటి మోత వినిపిస్తుంది. ఎటు ఉందో చెప్పదు, ఉందని మాత్రమే చెబుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాణ్ణి కాబట్టి ఆ మోత నేరుగా చెవిలో పడేది. వాన చప్పుడు, జలపాతం హోరు, వాటి మధ్య అది వినిపించగానే కాలు ఆగిపోయేది. అంతకుముందు పరుగెత్తుకుంటూ దాటిపోయిన గదుల్లో ఇప్పుడు మూల మూలా చూశాను. రాళ్ల సందులో చిన్న మెరుపు, దగ్గరికెళ్తే అరచేతిలో పట్టేంత బొమ్మ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం. వెతకడానికి కళ్లొక్కటే కాదు, చెవి కూడా పనిచేసింది. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ దీనివల్లే.

ఇంకో సంతోషం కూడా ఉంది, అది మనవాళ్లకే బాగా తెలుస్తుంది. ఈ కథలో వాళ్లు వెతికేది వినాయకుడి విరిగిన దంతం. పరశురాముడు గొడ్డలి విసరడం, అది తన తండ్రి ఇచ్చిన ఆయుధమని తెలిసి వినాయకుడు దాన్ని దంతం మీద కాచుకోవడం, మనం చిన్నప్పుడు విన్న ఏకదంతుడి కథే. త్రిశూలం, గొడ్డలి గుర్తులు కనిపించగానే మా వాడు "గొడ్డలి అంటే పరశురాముడు కదా" అన్నాడు, క్లోయీ ఇంకా నోరు తెరవకముందే. తర్వాతి భాగంలో వెలుగు ముందు బొమ్మల్ని తిప్పుతూ గోడ మీద నీడల్ని కలిపి ఆ కథనే చిత్రంగా పేర్చే చిక్కుముడి ఒకటి వస్తుంది. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు దాని కిటుకు వెంటనే అందుతుంది. ముందు నీడ చూడాలి, బొమ్మను తర్వాత చూడాలి. నాకు అది రెండు నిమిషాల్లో అయిపోయింది, నిజంగా గర్వమనిపించింది.

హొయ్సళుల విషయానికి వస్తే కొంచెం జాగ్రత్త. ఆటలోని కొండంత విగ్రహాలు, జలపాతాల మీద కట్టిన నగరాలు పూర్తిగా ఊహ. నిజమైన హొయ్సళ గుడుల గొప్పతనం వేరు. బేలూరు చెన్నకేశవాలయం విష్ణువర్ధనుడు 1117లో కట్టించాడు. నక్షత్రం ఆకారంలో పునాది, మెత్తటి సబ్బురాయి మీద నగల పనిలాంటి చెక్కడం. దగ్గరికెళ్లి ముక్కు ఆనించి చూడాల్సిన పని అది. 2023లో బేలూరు, హళేబీడు, సోమనాథపురం గుళ్లను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు కూడా. ఆటలో అంత సన్నపు పని కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి. అయినా హొయ్సళుల పేరు తెర మీద చూసి ఇంటర్నెట్‌లో ఆ గుళ్ల ఫోటోలు గంటలకొద్దీ చూశాను, ఆ మేలు ఈ ఆటదే.

పైన కొంచెం ఎక్కువ పొగిడానేమో, సరిచేస్తాను. దారి ఎవరూ చెప్పరు అన్నాను, అది పూర్తిగా నిజం కాదు. ఎక్కువసేపు తచ్చాడితే పక్కనున్న మనిషి ఏదో ఒకటి అంటుంది, ఎక్కాల్సిన అంచులు మిగతా రాతికంటే తేటగా కనిపిస్తాయి. కంకణం చూపించే నిధులతో కూడా ఏ లాభమూ ఉండదు, అమ్మడానికి లేదు, వాడటానికి లేదు. లెక్క కోసం ఆడేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ స్వేచ్ఛ అంతా ఒక్క అధ్యాయంలోనే. మొత్తం తొమ్మిదింటిలో ఒక్కటి. మొదట ఈ వరుసలో దీనికి ముందొచ్చిన అన్‌చార్టెడ్ 4కి అదనపు కథగా అనుకుని తర్వాత విడి ఆటగా పెంచారట, నిడివి తక్కువ ఉండటానికి అదే కారణం కావచ్చు. ఆ లోయ దాటాక మళ్లీ పాత పద్ధతే, సన్నని దారి, ముందుకే పరుగు. కోటల్లో కాల్పులు కూడా మూడోసారికి విసుగొచ్చాయి, ఒకే రకం మనుషులు ఒకే రకంగా గోడల చాటు నుంచి లేస్తారు. నేను చివరికి కష్టం స్థాయి బాగా తగ్గించి ఆ భాగాలు దాటించేశాను, నాకు కావలసింది అది కాదు కాబట్టి.

మూడోసారి ప్లేస్టేషన్ 5 మీద, 2022లో వచ్చిన కొత్త కూర్పుతో ఆడాను. లోడింగ్ కోసం ఎదురుచూడక్కర్లేదు, బొమ్మ ఇంకా నిగనిగలాడుతుంది. కానీ బిళ్లలు ఎక్కడున్నాయో గుర్తుండిపోయాయి, వెతుకులాట సగమే మిగిలింది. అందుకని కొనాలా వద్దా అంటే నా సమాధానం మీ పరిస్థితిని బట్టి. రాత్రిపూట గంటో గంటన్నరో తీరిక ఉండి, తొందర లేకుండా తిరగడం ఇష్టమైతే, ధర తగ్గినప్పుడు తీసుకోండి. చేతినిండా పోరాటం కావాలంటే ఇది మీకు చిన్నదిగా అనిపిస్తుంది. ముందు భాగాలు ఆడకపోయినా కథ అర్థమవుతుంది, కాకపోతే క్లోయీ, నదీన్ ఎందుకు ఒకరినొకరు అంత అనుమానంగా చూసుకుంటారో అన్‌చార్టెడ్ 4 ఆడినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. 11 బిళ్లలూ చేతికి వచ్చేదాకా మూడో కోట ముగించకండి. మా వాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఈ సెలవులకు వస్తున్నాడు. ఈసారి కంట్రోలర్ వాడి చేతికిచ్చి మ్యాపు నేను చూస్తాను. ఆ బండరాయి గురించి మాత్రం చెప్పను.