ఎండాకాలం గడపడానికి ఏది మేలు: బెజవాడా, హైదరాబాదా, విశాఖా?

మా ఇంట్లో ఏటా ఉగాది వెళ్లగానే మొదలయ్యే చర్చ ఇది. అమ్మానాన్నలు ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. నేను హైదరాబాద్ మణికొండలో ఉంటాను. బాబాయి వాళ్లది విశాఖ ఎంవీపీ కాలనీ. నాన్నకు 76 నిండాయి, అమ్మకు 70 దాటాయి. ఏప్రిల్, మే నెలలు వాళ్లిద్దరూ ఎక్కడుంటే మంచిది?

బాబాయి ఫోన్ చేసి, "ఇక్కడ 34 దాటట్లేదు అన్నయ్యా, సముద్రం గాలి, వచ్చెయ్యండి" అంటాడు. హైదరాబాద్ ఎత్తు మీదుంది, రాత్రిళ్లు చల్లబడుతుంది, రమ్మని నేనంటాను. అమ్మకి రెండూ ఇష్టం లేదు. నాన్న మాత్రం మా ఇద్దరి మాటా నమ్మరు. హైస్కూల్లో సైన్సు మాస్టారుగా రిటైరైన మనిషి, లెక్క కావాలంటారు.

అందుకని గత మూడు ఎండాకాలాల్లో ఒక్కోసారి ఒక్కో ఊళ్లో ఉండి, గోడ క్యాలెండర్ వెనక తెల్ల కాగితం మీద రోజూ మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ అంకెలు రాశారు. రెండు పాత థర్మామీటర్లు పక్కపక్కన మేకులకు వేలాడదీస్తారు. ఒకదాని బుడ్డికి ఉతికిన పంచె ముక్క చుట్టి, దాని కొస గ్లాసు నీళ్లలో ముంచుతారు. ఆ గ్లాసు కదిపితే ఇంట్లో గొడవే. "పొడిది గాలి వేడి చెబుతుంది రా, తడిది మన ఒంటి సంగతి చెబుతుంది" అన్నది ఆయన పాఠం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు. తడి థర్మామీటరు 35కి చేరితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడికి కూడా ఎక్కువసేపు తట్టుకోవడం కష్టం.

మే మూడో వారంలో ఆయన రాసుకున్న మూడు లైన్లు ఇవి. మణికొండ: పొడి 41, తడి 22. సత్యనారాయణపురం: పొడి 41, తడి 27. ఎంవీపీ కాలనీ: పొడి 34, తడి 29.

టీవీలో చూస్తే విశాఖ అందరికంటే చల్లగా ఉన్నట్టు. ఒంటిని అడిగితే విశాఖే అందరికంటే ఉక్క. వాతావరణ శాఖ వాళ్లు కూడా వడగాడ్పు ప్రకటించడానికి మైదాన ప్రాంతానికి కనీసం 40 డిగ్రీలని, తీర ప్రాంతానికి 37 చాలని రెండు వేర్వేరు గీతలు పెట్టుకున్నది ఊరికే కాదు.

బాబాయి ఇంట్లో కూలర్ కథ చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మా ఇంట్లో మంచి కూలర్ ఒకటి ఉండేది. మణికొండలో దాని ముందు కూర్చుంటే 41 డిగ్రీల మధ్యాహ్నం కూడా శాలువా కప్పుకోవాలనిపించేది. మేం ఏసీ కొన్నాక దాన్ని పార్సిల్ లారీలో విశాఖ పంపించాం. పిన్ని తలుపులన్నీ మూసి, ట్యాంకు నింపి, స్విచ్చి వేసింది. అరగంటకల్లా దుప్పటి చెమ్మగిల్లింది, గోడ మీద క్యాలెండర్ కాగితం వంకర్లు పోయింది, బాబాయికి ఒళ్లంతా జిగట. "ఇదేం కూలరమ్మా, ఇడ్లీ పాత్రలా ఉంది" అన్నాడట. కూలర్ తప్పేం లేదు. అది చేసే పని నీళ్లను గాలిలోకి ఆవిరి చెయ్యడమే. పొడి గాలి ఆ నీళ్లను గటగటా తాగి చల్లబడుతుంది. విశాఖ గాలి అప్పటికే కడుపునిండా తాగి ఉంటుంది. అక్కడ ఫ్యాను, లేదంటే ఏసీ. ఆ ఏసీ బయట పెట్టే యూనిట్‌ను కూడా ఉప్పుగాలి తొందరగా తుప్పు పట్టిస్తుంది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

విజయవాడ ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అదే దాని తంటా. సముద్రం 60, 70 కిలోమీటర్ల దూరం. పడమటి నుంచి తెలంగాణ, పల్నాడు మీదుగా వచ్చే పొడిగాలి గెలిచిన రోజు 44, 45 డిగ్రీల వడగాలి. సముద్రపు గాలి గెలిచిన రోజు అంకె తగ్గి ఉక్కపోత పెరుగుతుంది. ఏ గాలి గెలుస్తుందో పొద్దున్న పదింటిదాకా తెలీదు. దానికి తోడు ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల రాళ్లు పగలంతా కాగి రాత్రి ఆ సెగ వదులుతాయి. బెజవాడను బ్లేజ్‌వాడ అని వెక్కిరించడం మా తాతల కాలం మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టింది మా ఊళ్లో కాకపోవచ్చు గానీ, దాన్ని నమ్మడానికి మాకు కష్టం లేదు.

ఇలా చూస్తే హైదరాబాద్ గెలిచినట్టే. సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు, సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరం. ఎత్తు వల్ల రెండు మూడు డిగ్రీలు, పొడిగాలి వల్ల ఒంటికి ఇంకాస్త సుఖం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి నల్లమబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, అరగంట వాన కొట్టిందంటే ఆ రాత్రి ఫ్యాను కూడా తగ్గించుకోవచ్చు. (కరెంటు ఉంటేనే లెండి. ఆ గాలికి ఎక్కడో ఓ చెట్టు తీగల మీద పడకుండా ఉండదు.)

కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, పొడి ఎండ మోసం చేస్తుంది. చెమట పట్టినట్టే తెలీదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. నాన్న ఇక్కడున్న ఏడాది ఓ రోజు పదకొండింటికి బ్యాంకుకని నడిచి వెళ్లి, వచ్చి, సోఫాలో కూర్చుని, గ్లాసు అందుకోబోతే చెయ్యి వణికింది. చొక్కా మీద చెమట మరక ఒక్కటి లేదు, చంకల దగ్గర తెల్లటి ఉప్పు గీతలు మాత్రం ఉన్నాయి. మజ్జిగలో ఉప్పు వేసి రెండు గ్లాసులు తాగించాక గానీ తేరుకోలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో కూలి పనికి వెళ్లక తప్పనివాళ్లూ, ముసలివాళ్లూ వాళ్లలో ఎక్కువ.

రెండో చిక్కు మా ఫ్లాటు. ఐదంతస్తుల బిల్డింగులో ఐదోది మాది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండుకు కూడా గదిలోకి సెగ దించుతూనే ఉంటుంది. చేతితో సీలింగు తాకితే ఇస్త్రీ పెట్టె చల్లారుతున్నట్టు ఉంటుంది. ఊరి గాలి చల్లబడినా మా పడగ్గది చల్లబడదు. పోయినేడు పైన తెల్ల పెయింటు వేయించాం, తేడా నిజంగానే తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. పెద్దవాళ్లను తెచ్చుకునేవాళ్లు ఏ ఊరు అని ఆలోచించే ముందు ఏ అంతస్తు అని చూసుకోవడం మంచిది.

ఇక నీళ్లు. ఇక్కడ బెజవాడ ముందు ఎవరూ నిలవరు. కృష్ణ ఊరి పక్కనే ఉంది. 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఊరికి నీటి కుండలాంటిది. మా ఇంట్లో నల్లా తిప్పితే వేసవిలోనూ నీళ్లొస్తాయి, అమ్మ వాటిని కాచి వడబోసి కుండలో పోస్తుంది. కాలవలకు నీళ్లు ఆపేసిన నెలల్లో మాత్రం ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఒడ్డున ముక్కు మూసుకోవాల్సిందే.

హైదరాబాద్ సంగతి వేరు. 1908లో మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరికి చాలేవి. ఇప్పుడు మంజీరా, కృష్ణ, గోదావరి అన్నీ వస్తేగానీ గొంతు తడవదు. కృష్ణ, గోదావరి నీళ్లయితే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. పడమటి కాలనీల్లో మార్చి దాటితే బోర్లు అడుగంటుతాయి. అక్కణ్నుంచి ట్యాంకర్ల బతుకు. మా బిల్డింగు ట్యాంకరు రాత్రి పన్నెండున్నరకు వచ్చి రివర్సు హారన్ కొడుతుంది, వాచ్‌మన్ గొట్టం పట్టుకుని పరిగెడతాడు. ట్యాంకరు ఖర్చు ఎవరి వాటా ఎంత అన్నది మా వాట్సాప్ గ్రూపులో ఎప్పటికీ తెగని పంచాయితీ. ఇద్దరు పెద్దవాళ్లు అదనంగా వచ్చారని మెయింటెనెన్స్ పెంచమన్న మహానుభావుడు కూడా ఉన్నాడు.

విశాఖ నీళ్ల గురించి క్లుప్తంగా చెప్పాలంటే, మేహాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు కాలవ ఇలా నాలుగు చోట్ల నుంచి కూడబెట్టుకుంటారు. వాన బాగుంటే సరే.

వానాకాలం మన చర్చలోది కాదు గానీ, ఇల్లు కొనాలనుకునేవాళ్లు అదీ చూడాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. మర్నాడు బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మా ఇల్లు మునగలేదు. ఫ్లైఓవర్ అవతల అత్తయ్య వాళ్లు మాత్రం మేడ మీద మూడు రోజులు ఉన్నారు. విశాఖ వాళ్లు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానకు చెరువులు తమ పాత చోటు వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చాయి. తప్పించుకున్న ఊరంటూ లేదు.

అంకెల్లో కనపడనిది ఒకటుంది, అమ్మ మాటల్లోనే చెప్పాలి. "మీ ఊళ్లో చల్లగానే ఉంది నాన్నా, పలకరించేవాళ్లే లేరు." సత్యనారాయణపురంలో ఆవిడ పొద్దున్న ఆరుకే సంచీ పట్టుకుని బయల్దేరితే, ఏడింటికి కూరలు, పూలు, ముంజలు, నాలుగు ఇళ్ల కబుర్లతో తిరిగొస్తుంది. ఆటో కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం ఎవరో ఒకరు గడప దగ్గర కూర్చుంటారు. వీధి చివర కొట్టువాడు పెట్టిన చలివేంద్రంలో మజ్జిగ పలచన అయిందని విమర్శించే హక్కు ఆవిడకు ఉంది. వడదెబ్బ తగిలి పడిపోతే నిమిషంలో పదిమంది వస్తారు. మణికొండలో లిఫ్టు, గేటు, సెక్యూరిటీ రిజిస్టరు అన్నీ దాటి మనిషి రావాలి. ఎదురు ఫ్లాటు వాళ్ల పేరు నాకే నిరుడు తెలిసింది. మెట్రో ఉంది గానీ మా గుమ్మం నుంచి స్టేషను దాకా వెళ్లేసరికి క్యాబ్ డబ్బులు వదులుతాయి.

విశాఖలో నడక సుఖం. తెల్లారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, నాన్న అక్కడ కుర్రాడిలా నడిచారు. ఎనిమిది దాటితే మాత్రం చొక్కా పిండుకోవాలి. పోర్టు దగ్గరి పాత పేటల్లో ఉండేవాళ్లకు ఇంకో బాధ, బొగ్గు ధూళి. తుడిచిన కిటికీ సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది.

మరి ఏది మేలు? గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకు ఏప్రిల్ నడుమ నుంచి జూన్‌లో వానలు పడేదాకా హైదరాబాదే. పై అంతస్తు కాకుండా, ట్యాంకర్ల మీద బతకని కాలనీలో, ఎండలో బయటికి పంపకుండా ఉంచగలిగితే. ఏసీ రాత్రంతా వేసుకునే స్తోమత ఉంటే విశాఖ ఫర్వాలేదు, కానీ నన్నడిగితే విశాఖకు వెళ్లాల్సింది సంక్రాంతికి, మే నెలలో కాదు. ఒంట్లో ఓపిక ఉండి, నలుగురి మధ్య బతకాలనుకునేవాళ్లకు ఏడాదిలో మిగతా తొమ్మిది నెలలు బెజవాడను మించింది లేదు. ఆ మూడు నెలలు మాత్రం అక్కడ ఉండటం మొండితనం. ఈ మాట నాన్న ముందు అనలేదు.

ఈసారి ఆయనే ఒప్పుకున్నారు, తడి థర్మామీటరు తీర్పు కాబట్టి. మేం కూడా కిందటి నెల రెండో అంతస్తుకు మారాం. టికెట్లు బుక్ చేద్దామని ఫోన్ చేస్తే అమ్మ అడ్డం పడింది. ఆవకాయకు కాయలు ఇంకా రాలేదట. వచ్చాక ముక్కలు కొట్టించాలి, కారం, ఆవపిండి మేడ మీద ఎండలో పెట్టాలి.

"ఆ ఎండ మీ ఊళ్లో రాదుగా" అంది.

మే 12కు బుక్ చేశాను. జాడీలకు వేరే సంచీ ఉంటుందట, థర్మామీటర్లు నాన్న చేతి సంచీలో.