విశాఖ–భీమిలి తీరంలో ఒకరోజు కాలినడక: ఎర్రమట్టి దిబ్బల నుంచి గోస్తనీ మొగ దాకా

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే బీచ్ రోడ్డు మీద ఇరవై ఏళ్ళుగా లెక్కలేనన్నిసార్లు ప్రయాణించాను. ఊరి నుంచి బంధువులు వచ్చినప్పుడల్లా కారులో ఎక్కించుకుని, రుషికొండ దగ్గర కాసేపు, తొట్లకొండ మీద కాసేపు ఆపి, ఫొటోలు తీయించి, చీకటి పడేలోగా ఇంటికి చేర్చడమే నాకు తెలిసిన పద్ధతి. అదే తీరాన్ని రోజంతా నడిచి చూసే అవకాశం ఈ జనవరిలో దొరికింది. నగరంలోని ఒక చిన్న బృందం చలికాలపు ఆదివారాల్లో ఈ యాత్ర నడుపుతోంది. మనిషికి 1,500 రూపాయలు తీసుకుంటారు. వ్యాను, పొద్దుటి ఫలహారం, మధ్యాహ్న భోజనం, ప్రవేశ రుసుములు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. మావారూ నేనూ పదకొండేళ్ళ మా అబ్బాయీ వెళ్ళాం. నిర్వహణలో లోపాలున్నాయి, అవి కింద రాస్తాను. అయినా ఈ యాత్ర విలువైనదేనని ముందే చెబుతున్నాను. దానికి కారణం దారి చూపించిన మనిషి. భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆ మాస్టారు ప్రతి చోటా మొదట ఒకటే ప్రశ్న వేశారు: ఇక్కడ నీళ్ళు ఏం చేశాయి? రోజు ముగిసేసరికి ఆ ప్రశ్న మా నోట్లో కూడా నానిపోయింది.

తెల్లవారుజామున అయిదింటికి వ్యాను బయలుదేరి, వెలుగు రాకముందే ఎర్రమట్టి దిబ్బల దగ్గర దింపింది. నగరానికి దగ్గరగా ఉన్న తొట్లకొండను దాటిపోయి దూరంగా ఉన్న దిబ్బలతో మొదలుపెట్టడం నాకు మొదట అర్థం కాలేదు. సముద్రం మీదికి సూర్యుడు వచ్చి, ఏటవాలు వెలుగు గోడల మీద పడ్డాక అర్థమైంది. మధ్యాహ్నపు ఎండలో అంతా ఒకే ఎరుపుగా కనిపించే ఆ గోడల్లో, ఆ వేళకు పొరలు విడివిడిగా తేలతాయి. అడుగున పసుపు ఛాయ ఉన్న ఇసుక, దాని మీద చిన్న చిన్న గట్టి ఉండలతో గోధుమ ఎరుపు పొర, ఆ పైన అచ్చంగా ఇటుక రంగు, అన్నిటికీ పైన మళ్ళీ లేత పసుపు. ఆ పై అంచు నుంచి జీడిమామిడి వేళ్ళు ఆధారం లేకుండా గాలిలో వేలాడుతున్నాయి. అంటే ఒకప్పుడు ఆ వేళ్ళ చుట్టూ ఉన్న నేల ఇప్పుడు లేదన్నమాట.

వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో సముద్రమట్టం పడిపోయి తీరరేఖ దూరంగా జరిగినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి లోపలికి తోసుకొచ్చి ఇక్కడ మేటలు వేసిందని మాస్టారు వివరించారు. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి అరిగి కొట్టుకొచ్చిన ఇసుక అది. అందులోని గార్నెట్ వంటి ఖనిజాల్లో ఉన్న ఇనుము కాలక్రమంలో తుప్పుపట్టి, రేణువు రేణువుకూ ఎర్రటి పూత పెట్టింది. ఆయన చిటికెడు ఇసుకను మా అబ్బాయి అరచేతిలో వేసి, సీసాలోని నీళ్ళు కొద్దిగా పోశారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఎర్రగా కారిపోయాయి గానీ, చేతిలో మిగిలిన రేణువులు మాత్రం తెల్లబడలేదు. రంగు ఇసుకలో కలిసినది కాదు, ఇసుకను పట్టుకుని ఉన్నది అని ఆయన చెప్పిన మాట వాడికి అలా ఎక్కింది. తర్వాత మేటలను కోసి, మలుపులు తిరిగే ఈ సన్నని లోయలను చెక్కింది వాననీళ్ళే. ఈ రకం ఎర్ర ఇసుక మేటలు దక్షిణాసియాలో ఇక్కడ కాకుండా తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ ఈ పేరు చేరింది.

నా మొదటి ఫిర్యాదు ఇక్కడిదే. పేర్లు నమోదు చేసుకున్నప్పుడు పన్నెండు మందికి మించరని చెప్పారు. వ్యాను ఎక్కేసరికి పంతొమ్మిది మంది ఉన్నాం. మాస్టారు ముందు నడుస్తూ చెప్పే మాటలు వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు, వెనక ఏం జరుగుతోందో ఆయనకు కనబడలేదు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఫొటోల కోసం గోడ ఎక్కితే, వెనక నడుస్తున్న సహాయకుడు ఆపకపోగా ఫోను అందుకుని తనే ఫొటోలు తీశాడు. మంచం అంత వెడల్పు ఇసుక పలక ఒకటి వాళ్ళ కాళ్ళ కింద జారి, చప్పుడు లేకుండా కిందికి వచ్చి పొడి అయిపోయింది. చూడడానికి రాతిగోడలా నిలబడినా అది ఉత్త ఇసుక. గోటితో గీస్తే రాలుతుంది. పక్కన ఎండు సరుగుడాకు పోగుచేసుకుంటున్న ఒక ముసలమ్మ తల ఎత్తి, “ఏటేటా వానొచ్చి కోసీస్తంది, మీరు కూడా తొక్కీస్తే ఏటి మిగుల్తాది బాబూ” అంది. మాటలో కోపం లేదు, బతిమాలినట్టు ఉంది. నాకు చాలా బాధ కలిగింది. ఆ సహాయకుడి పద్ధతి గురించి తర్వాత నిర్వాహకులకు రాశాను. క్షమాపణ చెబుతూ జవాబు వచ్చింది. ఎవరితో వెళ్ళినా, ఒక్కరే వెళ్ళినా, లోయల అడుగున నడవండి. దయచేసి గోడలు ఎక్కకండి, పిల్లల్ని ఎక్కనీయకండి.

తొట్లకొండ మీదికి వాహనాలు వెళ్ళే దారి ఉంది. మేము మాత్రం కిందనే దిగి, మెలికలు తిరిగే ఆ దారి వెంట నెమ్మదిగా నడిచాం. ఎక్కుతున్న కొద్దీ సముద్రం వెడల్పు అవుతూ వస్తుంది. కింద మంగమారిపేట పడవలు చెప్పుల జతల్లా కనిపించే ఎత్తుకు చేరేసరికి గాలి చల్లగా తగిలింది. ఈ కొండ మీద బౌద్ధారామం ఉందన్న సంగతి 1970ల్లో నౌకాదళం స్థావరం కోసం విమానంలో సర్వే చేసినప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యగృహాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల పునాదులు ఇప్పుడు కంటికి కనబడుతున్నాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఈ తీరంలో ఆగిన ఓడలకూ ఈ కొండకూ సంబంధం ఉండేదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బుద్ధుడి ప్రతిమలు లేకుండా బుద్ధపాదాలనూ స్తూపాలనూ పూజించిన థేరవాదమనే పాత బౌద్ధ శాఖ భిక్షువుల చోటు ఇది.

మా అబ్బాయి అన్నీ చూసి, “మాస్టారూ, కొండ మీద ఏరు లేదు కదా, ఇంతమందికి నీళ్ళెక్కడివండీ?” అని అడిగాడు. ఆయన నవ్వి, “ఈ కొండ పేరేమిటి నాన్నా?” అన్నారు. తర్వాత మమ్మల్ని రాతిలో తొలిచిన తొట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. కొండకు పేరు ఇచ్చినవి ఇవే. చుట్టూ బండ తొట్టి వైపు వాలుగా ఉంటుంది. మీద పడిన వాన వృథా కాకుండా అందులోకి దిగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని అంచును చేత్తో తడిమి చూశాను. లోపలి గోడ మీద ఉలి గంట్లు వరుసగా వేళ్ళకు తగిలాయి. అడుగున ఆకుపచ్చటి నీళ్ళు, వాటి మీద ఒక తూనీగ. నాలుగైదుసార్లు ఈ కొండకు వచ్చి కూడా, ఈ తొట్లను చెత్త పడిన గుంటలుగానే చూసి వెళ్ళిపోయానని అప్పుడు తెలిసింది. స్తూపం కన్నా ముందు ఇవి చూపించాలని ఇకపై వచ్చే బంధువుల విషయంలో నిశ్చయించుకున్నాను.

ఇక్కడే రెండో లోపం. పన్నెండు మందికి సరిపడేలా తెచ్చిన మంచినీళ్ళ క్యాను పదిన్నరకే అయిపోయింది. కొండ మీద ఎండ ముదిరింది, కొనుక్కుందామంటే దగ్గర్లో దుకాణం లేదు. మాతో వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దావిడకు కళ్ళు తిరిగాయి. చెట్టు నీడన కూర్చోబెట్టి, ఎవరి సీసాలో మిగిలిన గుక్కెడు వాళ్ళు ఇచ్చారు. వ్యాను కిందికి వెళ్ళి నీళ్ళు తెచ్చేదాకా ముప్పావుగంట అక్కడే ఆగిపోయాం. నడక యాత్ర నడిపేవాళ్ళు ముందుగా చూసుకోవలసింది ఇదే.

ఆ ఆలస్యం వల్ల బావికొండకు అరగంటే మిగిలింది. 1982 నుంచి 1987 వరకు తవ్వకాలు జరిగిన ఈ చోట ధాతుపాత్రలో, అంటే పవిత్ర అవశేషాలు దాచే పాత్రలో, ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుడిదేనని నమ్మేవాళ్ళు ఉన్నారు. వాననీటి కోసం తవ్విన బావుల వల్లనే దీనికీ ఆ పేరు వచ్చింది. తొట్లకొండంత రద్దీ లేదు, పిట్టల చప్పుడు తప్ప మరేమీ వినబడదు. ఇక్కడ గంటన్నర కూర్చోవలసింది.

భోజనం బాగుంది. భీమిలిలో ఒక ఇంట్లో వండించిన వంజరం పులుసు, శాకాహారులకు గుత్తివంకాయ, అందరికీ గడ్డ పెరుగు. వడ్డించిన ఇల్లాలు అడగకుండానే కొసరు వేశారు.

సాయంత్రం భీమిలి నడక తొందరగా ముగించారు, అది నాకు లోటుగానే ఉంది. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికి స్థిరపడి, 1825లో ఆంగ్లేయులకు అప్పగించి వెళ్ళిన రేవు ఇది. 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడిన పట్టణం. డచ్చి సమాధుల దగ్గర ఇరవై నిమిషాలే ఆపారు. నల్లబడిన రాతి పలకల మీద అక్షరాలు వేలితో తడుముతూ చదవడానికి ఆ సమయం చాలదు. గడియారస్తంభం, దీపస్తంభం దాటుకుంటూ పోయి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నడక ముగించాం.

అక్కడ మాస్టారు చివరిసారిగా ఆగి, ఈ గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చిన నదేనని, దారిలో తాటిపూడి జలాశయంలో నిలిచే దీని నీళ్ళే విశాఖ కుళాయిలకూ వస్తాయని చెప్పారు. ఇరవై ఏళ్ళుగా తాగుతున్న నీళ్ళు ఎక్కడివో నాకు ఆ ఇసుక మీద నిలబడి తెలిసింది. ఆటు సమయం కావడంతో నదినీళ్ళు సన్నని పాయగా సముద్రంలోకి జారుతున్నాయి. పాయ అంచున ఇసుక మీద నల్లటి చారలు కనిపించాయి. పొద్దున దిబ్బల్లో చూసిన ఇనుప ఖనిజాలు ఇక్కడ ఇంకా ఎర్రబడకుండా ఉన్నాయని మా అబ్బాయే ముందు చెప్పాడు.

వెళ్ళదలచినవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళాలి. పట్టు ఉన్న బూట్లు, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మీవి మీరే తీసుకెళ్ళండి. గట్టి వాన కురిసిన మర్నాడు దిబ్బల లోయల్లోకి దిగవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు దిబ్బల నడక మానుకున్నా, తొట్లకొండ పైదాకా వాహనంలో రావచ్చు. ఆ ఏర్పాటు నిర్వాహకులు అడిగితే చేస్తున్నారు. బృందాన్ని పన్నెండుకే పరిమితం చేస్తామని, నీళ్ళ క్యాన్లు రెండు పెడతామని జవాబులో రాశారు. వచ్చే చలికాలం మొదటి యాత్రకు మా అమ్మ పేరు కూడా ఇచ్చాను. ఆవిడకు ముందు తొట్లు చూపిస్తాను.