తుపాను జిల్లాలో లాగ్ సర్వర్ల అనుసంధానం: ఆర్‌సిస్‌లాగ్, గ్రేలాగ్‌లను ఏళ్ల తరబడి వాడాక

శ్రీకాకుళంలోని ప్రధాన కార్యాలయంతో పాటు నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం శాఖల నెట్‌వర్క్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. ఈ చోట్ల ఉన్న స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు, సర్వర్లు రాసే లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే నమోదులను, ఒకచోట చేర్చడానికి 2019 నుంచి రెండు సాఫ్ట్‌వేర్లను కలిపి వాడుతున్నాను: లాగ్‌లను అందుకుని ముందుకు పంపే ఆర్‌సిస్‌లాగ్, వాటిని దాచి వెతికిపెట్టే గ్రేలాగ్.

అంతకుముందు ప్రతి పరికరమూ యూడీపీ అనే పంపే పద్ధతిలో 514వ పోర్టుకు, శ్రీకాకుళంలోని ఒకే సర్వర్‌కు, నేరుగా పంపేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఆ శాఖలోని పరికరాలు జనరేటర్ మీద నడుస్తూనే ఉన్నా, కేబుల్ తెగిపోవడంతో అప్పటి లాగ్‌లు ఒక్కటీ మాకు చేరలేదు. యూడీపీలో అందినట్టు రసీదు ఉండదు కనుక పంపినవన్నీ గాలిలో కలిసిపోయాయి. తరువాత ఆడిట్‌లో ఆ రోజుల ఫైర్‌వాల్ లాగ్‌లు అడిగినప్పుడు చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

అందుకే నా దృష్టిలో ఈ అమరికకు ప్రాణం శాఖలో పెట్టే చిన్న రిలే సర్వర్. పరికరాలు తమ లాగ్‌లను ఆ శాఖలోని ఆర్‌సిస్‌లాగ్‌కే ఇస్తాయి. లైను ఉంటే అది శ్రీకాకుళానికి పంపుతుంది, లేకపోతే తన డిస్క్‌లోని క్యూలో దాచి, లైను తిరిగి రాగానే పంపుతుంది. క్యూకు ఫైలు పేరు ఇవ్వకపోతే అది మెమరీలోనే ఉండిపోతుంది. మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలన్న అమరిక మొదట సున్నాగా ఉంటుంది. దాన్ని మైనస్ ఒకటిగా మార్చితేనే విసుగులేకుండా ప్రయత్నిస్తూ ఉంటుంది. శాఖకు సెకనుకు 10 సందేశాలు, సందేశానికి 400 బైట్లు అనుకుంటే రోజుకు సుమారు 350 ఎంబీ అవుతుంది. వారం రోజులు లైను లేకపోయినా రెండున్నర జీబీ దాటదు కనుక 5 జీబీ కేటాయించాను. రిలే నుంచి కేంద్రానికి మామూలుగా వాడే టీసీపీ పద్ధతి బదులు, లాగ్‌లు పంపడానికే చేసిన రెల్ప్ పద్ధతి వాడుతున్నాను. టీసీపీలో లైను తెగే క్షణాన దారిలో ఉన్న సందేశాలు పోవచ్చు, రెల్ప్‌లో ప్రతిదానికీ రసీదు వస్తుంది. గ్రేలాగ్ రెల్ప్‌ను నేరుగా అందుకోదు కాబట్టి కేంద్రంలోనూ ముందు ఒక ఆర్‌సిస్‌లాగ్ ఉండాలి.

కేంద్రంలో నేను చేసిన పొరపాటు రెండే సర్వర్లతో మొదలుపెట్టడం. గ్రేలాగ్ తన అమరికలను మాంగోడీబీ అనే డేటాబేస్‌లోనూ, సందేశాలను ఓపెన్‌సెర్చ్ అనే వెతికే ఇంజిన్‌లోనూ దాచుతుంది. ఈ రెండింటికీ తాము నడిచే సర్వర్లలో ఒకదాన్ని నాయకుడిగా ఎన్నుకోవడానికి మెజారిటీ కావాలి. రెండు సర్వర్లలో మెజారిటీ అంటే రెండూ కనుక ఒకటి ఆగితే రెండోది ఉన్నా పని సాగదు. మూడోదాన్ని టెక్కలిలో పెట్టి చూశాను గానీ లైను ఊగినప్పుడల్లా మూడు సర్వర్ల జట్టు (క్లస్టరు) కూడా ఊగింది. చివరికి మూడింటినీ శ్రీకాకుళంలోనే, వేర్వేరు యూపీఎస్‌ల మీద పెట్టాను.

నిల్వ లెక్కకు ఆధారం కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు: లాగ్‌లను 180 రోజులు భారతదేశంలోనే ఉంచాలి. అన్ని శాఖలూ, కేంద్రమూ కలిపి సెకనుకు 200 సందేశాలైతే రోజుకు దాదాపు 7 జీబీ, 180 రోజులకు 1.25 టీబీ, ఒక నకలుతో 2.5 టీబీ. డిస్క్ 85 శాతం దాటితే ఓపెన్‌సెర్చ్ అందులో కొత్త భాగాలు పెట్టదు. 95 శాతం దాటితే రాయడమే ఆపేస్తుంది. కనీసం 3 టీబీ లేకుండా మొదలుపెట్టవద్దని నా సలహా.

నన్ను ఎక్కువగా వేధించింది గడియారం. లాగ్‌లు రాసే పాత సిస్‌లాగ్ పద్ధతిలో సంవత్సరమూ ఉండదు, టైమ్ జోనూ ఉండదు. మన సమయంతో వచ్చిన సందేశాన్ని యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా) లెక్కిస్తే అది ఐదున్నర గంటలు భవిష్యత్తులోకి వెళ్లి, గత ఐదు నిమిషాలవి చూపమన్నప్పుడు కనిపించదు. సందేశాలు రావడం లేదనుకుని రెండు రోజులు కేబుళ్లు వెతికాను. ఇప్పుడు ప్రతి రిలేలో టైమ్ జోన్ స్పష్టంగా రాసి, అన్నింటినీ ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ నడిపే ఎన్‌టీపీ (గడియారాలను సరిచేసే) సర్వర్లతో కలిపాను.

వెతకడంలో గ్రేలాగ్ వేగం, హెచ్చరికల సౌలభ్యం నాకు నిజంగా నచ్చాయి. కొత్త వెర్షన్ వేసే ముందు మాత్రం మాంగోడీబీ, ఓపెన్‌సెర్చ్ ఏ వెర్షన్లు కుదురుతాయో చూసుకోవాలి. ఆ పనిని నేను తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలల్లో ముట్టుకోను.