కంటిన్యుయేషన్ పద్ధతుల్లో ఏది మేలు? పరీక్ష పెట్టి చూద్దాం

నాన్‌లీనియర్ సమీకరణాలు ఎదురైతే అందరి చేయీ ముందు న్యూటన్ పద్ధతి (అంచనా దగ్గర స్పర్శరేఖ గీసి, అది సున్నాని తాకే చోటునే తర్వాతి అంచనాగా తీసుకునేది) మీదకే పోతుంది. మొదటి అంచనా జవాబుకు దగ్గరగా ఉంటే అంతకన్నా వేగంగా పనిచేసేదాన్ని వెతకక్కర్లేదు. అంచనా దూరమైతేనే తంటా. య³ − 2య + 2 = 0 అనే చిన్న సమీకరణం తీసుకోండి. 0 దగ్గర మొదలుపెడితే న్యూటన్ పద్ధతి 1కి పంపుతుంది, 1 నుంచి మళ్లీ 0కి. ఎన్నిసార్లు తిప్పినా అంతే. దీనికున్న ఒకే ఒక్క నిజ మూలం −1.7693 దగ్గర ఉంటే, ఆ వైపు అది అడుగు కూడా వేయదు.

కంటిన్యుయేషన్ ఆలోచన ఇక్కడే పుట్టింది. జవాబు తెలిసిన ఒక సులువైన సమీకరణంతో మొదలుపెట్టి, దాన్ని కొద్దికొద్దిగా మనకు కావలసిన సమీకరణంగా మార్చుకుంటూ పోవాలి. ఈ మార్పును నడిపే పారామీటర్‌ని ట అందాం. ట = 0 దగ్గర సులువైనది, ట = 1 దగ్గర అసలుది. ప్రతి అడుగులోనూ పాత జవాబే కొత్త సమీకరణానికి మొదటి అంచనా అవుతుంది. 1953లో గణితజ్ఞుడు డేవిడెంకో ఈ దారిని డిఫరెన్షియల్ సమీకరణంగా రాసి చూపించాడు. ఇవాళ ఎక్కువమంది వాడేది మాత్రం ప్రిడిక్టర్, కరెక్టర్ జోడీనే: స్పర్శరేఖ వెంట ఒక అడుగు ముందుకు, ఆపై న్యూటన్‌తో రెండు మూడు సవరణలు.

బరిలో ఉన్నవి ప్రధానంగా మూడు. ట ని నేరుగా పెంచుకుంటూ పోయే సహజ పారామీటర్ పద్ధతి, 1970లలో కెల్లర్ పేరుతో స్థిరపడిన సూడో ఆర్క్‌లెంగ్త్ పద్ధతి, బహుపది సమీకరణాల కోసం సంకీర్ణ సంఖ్యల్లో నడిచే హోమోటోపీ (సులువైన సమీకరణాన్ని అసలుదానిగా మార్చే ఏర్పాటునే హోమోటోపీ అంటారు). వీటిలో ఏది మేలో చెప్పాలంటే ముందు దేని మీద పరీక్షిస్తున్నామో చూడాలి. తేలికపాటి సమస్యల మీద మూడూ పాసవుతాయి కాబట్టి అక్కడ తేలేదేమీ ఉండదు.

సహజ పారామీటర్ పద్ధతికి కోడ్ రాయడం చాలా తేలిక. న్యూటన్ కోడ్ చేతిలో ఉంటే దాని చుట్టూ ఒక లూప్ పెడితే సరి. అయితే ట ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని అది నమ్ముకుని కూర్చుంది. దారి ఒకచోట వెనక్కి తిరిగితే, అంటే ఫోల్డ్ వస్తే, దాని కథ అక్కడితో సరి. ఫోల్డ్ దగ్గరికి వచ్చేకొద్దీ జాకోబియన్ (న్యూటన్ అడుగుకు కావలసిన డెరివేటివ్‌ల మాత్రిక) సింగ్యులర్, అంటే విలోమం లేనిది, అవుతుంది, అడుగు సగం చేస్తాం, మళ్లీ సగం చేస్తాం, ముందుకు మాత్రం సాగం.

సూడో ఆర్క్‌లెంగ్త్ ఈ నమ్మకాన్నే వదిలేస్తుంది. ట ని కూడా తెలియని రాశుల్లో ఒకటిగా కలిపేసుకుని, దారి వెంట ఎంత దూరం నడిచామన్నదాన్నే కొలతగా పెట్టుకుంటుంది. ఒక తెలియని రాశి పెరిగింది కాబట్టి ఒక సమీకరణం కూడా పెరుగుతుంది: కొత్త బిందువు స్పర్శరేఖకు లంబంగా, ఇంత దూరంలో ఉన్న తలం మీద ఉండాలి. జాకోబియన్‌కి ఒక వరస, ఒక నిలువు వరస అదనంగా చేరతాయి. మామూలు ఫోల్డ్ దగ్గర అసలు జాకోబియన్ సింగ్యులర్ అయినా ఈ పెరిగిన మాత్రిక సింగ్యులర్ కాదు. పద్ధతి బలమంతా ఇందులోనే ఉంది. ఖర్చు మాత్రం నామమాత్రం.

ఇక పరీక్షకు వద్దాం. నాకు బాగా నచ్చినది బ్రాటు సమస్య. 0 నుంచి 1 వరకున్న అంతరంలో ఒక ప్రమేయం, రెండు కొసల్లోనూ దాని విలువ సున్నా. దాని రెండో డెరివేటివ్‌కి, దాని ఎక్స్‌పొనెన్షియల్‌ని లాంబ్డాతో గుణించి కలిపితే సున్నా రావాలి. లాంబ్డా 3.5138 కన్నా తక్కువైతే, సున్నా కన్నా ఎక్కువైతే, రెండు సాధనలు. దాటితే ఒక్కటీ లేదు. ఆ 3.5138 దగ్గరే ఫోల్డ్. కాగితం మీద విలువ ముందే తెలుసు కాబట్టి కోడ్‌ని పట్టుకోవడం తేలిక.

దీన్ని చేత్తోనే చేసి చూడొచ్చు. మధ్యలో ఒకే ఒక్క గ్రిడ్ బిందువు (ప్రమేయం విలువను లెక్కగట్టే చోటు) పెట్టి, అక్కడి విలువను య అంటే, 8య ని య ఎక్స్‌పొనెన్షియల్‌తో భాగిస్తే లాంబ్డా వస్తుంది. ఇది య = 1 దగ్గర గరిష్ఠం, అక్కడ లాంబ్డా 2.943. రెండు బిందువులు పెట్టి సమరూప సాధన తీసుకుంటే 8 స్థానంలో 9 వస్తుంది, ఫోల్డ్ 3.311కి జరుగుతుంది. బిందువులు పెంచేకొద్దీ 3.5138కి చేరువ కావాలి, గ్రిడ్ ఎడం సగం చేసిన ప్రతిసారీ తప్పు దాదాపు నాలుగో వంతుకు పడాలి. అలా పడకపోతే దోషం కంటిన్యుయేషన్‌లో ఉందో, డిస్క్రిటైజేషన్‌లో (సమస్యను గ్రిడ్ బిందువుల మీదకు దించడంలో) ఉందో వెతకాల్సిందే.

ఇదే సమస్య మీద సహజ పద్ధతిని 0.1 చొప్పున నడిపిస్తే, గ్రిడ్ సన్నగా ఉన్నంతవరకు 3.5 దాకా హాయిగా వస్తుంది. 3.6 దగ్గర సాధనే లేదు. సూడో ఆర్క్‌లెంగ్త్ అయితే ఫోల్డ్ చుట్టూ తిరిగి పై కొమ్మ మీదకు ఎక్కి, లాంబ్డాని తగ్గించుకుంటూ వస్తుంది. లాంబ్డా = 1 దగ్గర కింది సాధన గరిష్ఠ విలువ 0.1405, పై సాధనది 4.09. ఈ రెండు అంకెలూ కోడ్ ఇస్తే ధైర్యంగా ముందుకు పోవచ్చు. మొదటిది మాత్రమే దొరికితే సగం పని మిగిలే ఉంది.

ఇంతవరకు చూస్తే సూడో ఆర్క్‌లెంగ్త్‌దే గెలుపు అనిపిస్తుంది. ఇప్పుడు మొదట్లో చెప్పిన య³ − 2య + 2 దగ్గరికి రండి. చాలా పోలికల్లో కనిపించని సంగతి ఇక్కడ బయటపడుతుంది.

దీనికి న్యూటన్ హోమోటోపీ కడదాం: ప్రమేయం విలువ మొదటి బిందువు దగ్గర ఎంత ఉందో దాన్ని ట పెరిగేకొద్దీ సున్నాకి దించడం. 0 నుంచి మొదలుపెడితే దారి సమీకరణం ట = య − య³/2. ట పెంచుకుంటూ పోతే య = 0.816 దగ్గర ట గరిష్ఠం, విలువ 0.544. సహజ పద్ధతి అక్కడే ఆగిపోతుంది. సూడో ఆర్క్‌లెంగ్త్ ఆగదు, ఫోల్డ్ దాటి వెనక్కి తిరుగుతుంది, 1.414 దగ్గర ట = 0 ని మళ్లీ దాటి, అక్కడి నుంచి అనంతం వైపు పోతూనే ఉంటుంది. ట = 1 ఎప్పటికీ రాదు. ప్రతి అడుగూ సక్రమమే, ప్రతి కరెక్టరూ కుదిరింది, చేతికి మాత్రం ఏమీ రాలేదు.

అదే 0 దగ్గర వ్యతిరేక దిశలో, ట ని తగ్గిస్తూ బయలుదేరితే? ట −0.544 దాకా దిగి, ఫోల్డ్ తిరిగి, పైకి లేచి, −1.414 దగ్గర సున్నా దాటి, సరిగ్గా −1.7693 దగ్గర ట = 1కి చేరుతుంది. జవాబు వెనక దిక్కున ఉంది! అందుకే ఏ ట్రాకర్‌నైనా (దారి వెంట నడిచే పద్ధతిని) రెండు దిశల్లోనూ నడిపించకుండా విఫలమైందని రాయకూడదంటాను.

మరి హోమోటోపీనే మారిస్తే? ఫిక్స్‌డ్ పాయింట్ హోమోటోపీలో మొదటి సమీకరణం కేవలం య = 0. దాన్ని (1 − ట)తో, అసలుదాన్ని ట తో గుణించి కలపాలి. అదే మొదటి బిందువు నుంచి దారి ఎక్కడా వెనక్కి తిరగకుండా, య = −1 దగ్గర ట = 0.25, −1.5 దగ్గర 0.48 అవుతూ, నేరుగా మూలానికి పోతుంది. ఈ దారి మీద సహజ పద్ధతి కూడా సునాయాసంగా గెలుస్తుంది. అంటే ట్రాకర్ మార్చడం వల్ల రాని ఫలితం హోమోటోపీ మార్చడం వల్ల వచ్చింది. రెండు ట్రాకర్లను పోల్చేటప్పుడు హోమోటోపీ ఒకటే ఉందా లేదా అన్నది చూడకపోతే ఆ పోలికకు విలువే లేదు. 1978లో చౌ, మాలే పారే, యార్క్ చూపించింది ఈ దిశలోనిదే: మొదటి బిందువును యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, తగిన షరతుల్లో, దాదాపు తప్పకుండా దారి నున్నగా ఉంటుంది. నున్నగా ఉంటుందన్నారు గానీ తిరగదని అనలేదు, కాబట్టి ఆర్క్‌లెంగ్త్ అవసరం పోలేదు. 1987లో వచ్చిన హోంప్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఈ కోవదే, అందులో దారి పట్టుకునే అల్గారిథమ్‌లు మూడు రకాలున్నాయి.

సమీకరణాలన్నీ బహుపదులైతే లెక్క మారిపోతుంది. అక్కడ సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్లడమే మేలు. య² − 1 నుంచి య² + 1కి నిజ సంఖ్యలతోనే నడిస్తే ట = 0.5 దగ్గర రెండు దారులూ సున్నా దగ్గర ఢీకొంటాయి. మొదటి సమీకరణాన్ని నిజం కాని ఒక సంకీర్ణ సంఖ్యతో గుణించండి చాలు, ఢీ ఉండదు. ఆ సంఖ్య −1 వర్గమూలమే అయితే దారులు రెండూ యూనిట్ వృత్తం మీదే పావు చుట్టు తిరిగి చక్కగా గమ్యం చేరతాయి. దీన్నే గామా ట్రిక్ అంటారు. గామాని యాదృచ్ఛికంగా తీసుకుంటే చివరి బిందువుకు ముందు ఫోల్డ్‌లు ఉండవు కాబట్టి, ట ని నేరుగా పెంచే పద్ధతే సరిపోతుంది. పైన ఓడిపోయిన పద్ధతి ఇక్కడ రాజు. పీహెచ్‌సీప్యాక్, బెర్టినీ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఈ దారిలోనివే.

పైగా ఇక్కడ పరీక్షకు గొప్ప సౌకర్యం ఉంది: ఎన్ని సాధనలు రావాలో ముందే తెలిసిన సమస్యలు దొరుకుతాయి. పరీక్షలకు తరచూ వాడే సైక్లిక్-7 అనే ఏడు బహుపది సమీకరణాల సమస్యకి 924 సాధనలు. బెజూ సంఖ్య (సమీకరణాల డిగ్రీల లబ్ధం) ప్రకారం మాత్రం 5040 దారులు మొదలుపెట్టాలి, 4116 అనంతంలోకి పోతాయి. అంత వృథా భరించలేకపోతే, 1995లో హ్యూబర్, స్టర్మ్‌ఫెల్స్ ఇచ్చిన పాలీహెడ్రల్ హోమోటోపీ సరిగ్గా 924 దారులతో మొదలవుతుంది. మొదలైన చోట్లు వేరైనా ఎక్కడైనా రెండు దారులు ఒకే సాధన దగ్గర ఆగాయంటే, ఆ సాధన మల్టిపుల్ రూట్ (ఒకటికన్నా ఎక్కువసార్లు లెక్కకొచ్చే మూలం) కాకపోతే, ఒక దారి మరోదాని మీదకు దూకిందన్నమాట.

ఈ దూకడమే నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే లోపం. ఆగిపోయిన కోడ్ కనీసం ఆగానని చెబుతుంది, దూకిన కోడ్ తప్పు జవాబును ధీమాగా చేతిలో పెడుతుంది. అందుకని పట్టికలో 'గెలిచింది, ఓడింది' అని రెండు గళ్లు చాలవు, 'తప్పు దారి పట్టింది' అని మూడోది ఉండాల్సిందే. కనిపెట్టడానికి సులువైన ఉపాయం: చివరి బిందువు నుంచి వెనక్కి నడిపించి మొదటికి వస్తుందేమో చూడడం, ఆపై గరిష్ఠ అడుగు పరిమాణాన్ని సగం చేసి మళ్లీ నడపడం. రెండుసార్లూ ఒకే సాధన రావాలి. ఖర్చును గడియారంతో కాక జాకోబియన్ ఎన్నిసార్లు కట్టారు, లీనియర్ సిస్టమ్ ఎన్నిసార్లు సాధించారు అన్న లెక్కతో రాయండి, మెషీన్ మారినా ఆ అంకెలు నిలుస్తాయి.

బైఫర్కేషన్ (దారి కొమ్మలుగా చీలే చోటు) దగ్గర మాత్రం సూడో ఆర్క్‌లెంగ్త్‌కి కూడా ఇబ్బందే. య(లాంబ్డా − య²) = 0 లాంటి చోట లాంబ్డా = 0 దగ్గర పెరిగిన మాత్రిక కూడా సింగ్యులర్. సాధారణంగా అడుగు దాన్ని దాటేస్తుంది, పక్క కొమ్మలు కనబడకుండా పోతాయి. ఆటో లాంటి సాఫ్ట్‌వేర్ ఇలాంటి బిందువులను గుర్తుపట్టి కొమ్మ మారే ఏర్పాటుతో వస్తుంది. సొంత కోడ్‌లో అది లేకపోతే డిటర్మినెంట్ గుర్తు ఎక్కడ మారిందో కనీసం ప్రింట్ చేయించండి.

నన్నడిగితే: అన్నీ బహుపదులై, అన్ని సాధనలూ కావాలంటే గామా ట్రిక్‌తో సంకీర్ణ హోమోటోపీ, వేరే ఆలోచన వద్దు. లాంబ్డా లాంటి అర్థమున్న భౌతిక పారామీటర్ ఉంటే మొదటి రోజు నుంచే సూడో ఆర్క్‌లెంగ్త్. ఫోల్డ్ లేదని ముందే తెలిసినప్పుడు సహజ పద్ధతి. ఒక్క నిజ మూలం చాలు, పారామీటర్ ఏదీ లేదంటే, రెండు వేర్వేరు హోమోటోపీలు కట్టి, రెండు దిశల్లో ఆర్క్‌లెంగ్త్ నడపండి. ఆ పని చిన్న సమస్య మీద ఒక పూట కూడా పట్టదు.